కోడ్ పాతదా, కంపైలర్ పాతదా? సోర్స్ నుంచి బిల్డ్ చేసేటప్పుడు వచ్చే వెర్షన్ చిక్కులు
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ రోజు ఒక్క విషయం గురించే మాట్లాడతాను. సోర్స్ కోడ్ దించుకున్నాం. రీడ్‌మీలో చెప్పినట్టే కాన్ఫిగర్ (మెషీన్‌లో ఏమేం ఉన్నాయో చూసే స్క్రిప్ట్) నడిపాం, మేక్ (బిల్డ్ నడిపే కమాండ్) కొట్టాం. స్క్రీన్ నిండా ఎర్రర్లు. రాసినవాళ్ల మెషీన్ మీద అదే కోడ్ చక్కగా బిల్డ్ అయింది. మన దగ్గర ఎందుకు అవలేదు?

ఇలాంటప్పుడు సాధారణంగా ఏం చేస్తాం? చివర్లో కనబడ్డ లైను కాపీ చేసి నెట్‌లో వెతుకుతాం. ఎవరో ఒక ఫ్లాగ్ (కంపైలర్‌కి ఇచ్చే ఆప్షన్) పెట్టమని ఉంటారు, పెడతాం. ఇంకొకరు కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) మార్చమని ఉంటారు, మారుస్తాం. ఎప్పటికో బిల్డ్ అవుతుంది. కానీ ఏది పనిచేసిందో తెలియదు, రేపు ఇంకో మెషీన్ మీద మళ్లీ మొదటికి వస్తుంది. నేను చెప్పదలుచుకున్నది ఇదే: కంపైలర్ వెర్షన్ సమస్య అంటే కోడ్‌కీ కంపైలర్‌కీ మధ్య వయసు తేడా. ఎవరు పెద్ద, ఎవరు చిన్న? అది తేలేదాకా ఏ ఫ్లాగూ ముట్టుకోవద్దు. ఎందుకంటే కోడ్ పాతదై కంపైలర్ కొత్తదైతే మందు వేరు, కంపైలర్ పాతదై కోడ్ కొత్తదైతే మందు వేరు.

ముందుగా, అసలు ఎర్రర్ ఏదో పట్టుకోవాలి. మేక్‌కి హైఫన్ జే 8 అనో 16 అనో ఇచ్చి ఉంటారు. ఒకేసారి ఎనిమిది ఫైళ్లు కంపైల్ అవుతుంటాయి, ఒకటి ఫెయిలయినా అప్పటికే మొదలైన మిగతావి నడుస్తూనే ఉంటాయి. అందుకని మొదటి ఎర్రర్ పైకి వెళ్లిపోతుంది, కింద "ఎర్రర్ 2" అన్న మాట మాత్రం మిగులుతుంది. ఆ "ఎర్రర్ 2"లో ఏమీ లేదు. దాన్ని వెతికి లాభం లేదు. హైఫన్ జే 1తో మళ్లీ నడపండి. సీమేక్, ఆటోటూల్స్ రెండూ బిల్డ్‌ని సిద్ధం చేసే సాధనాలు. సీమేక్ ప్రాజెక్టయితే మేక్‌కి వెర్బోస్ ఈక్వల్స్ 1 ఇవ్వండి, ఆటోటూల్స్ ప్రాజెక్టుల్లో ఎక్కువగా వీ ఈక్వల్స్ 1 సరిపోతుంది. అప్పుడు కంపైలర్‌ని ఏ ఫ్లాగులతో పిలిచారో పూర్తి లైను కనబడుతుంది. ఆ లైను మీకు బంగారం. దాన్ని కాపీ చేసి, ఆ ఒక్క ఫైల్ మీద విడిగా నడపొచ్చు. అరగంట బిల్డ్ మళ్లీ మళ్లీ నడపకుండా, రెండు సెకన్లలో అదే ఎర్రర్ చేతికి వస్తుంది.

కాన్ఫిగర్ దగ్గరే ఆగిపోయిందనుకోండి. "సీ కంపైలర్ కెనాట్ క్రియేట్ ఎగ్జిక్యూటబుల్స్" అంటుంది. చాలామంది కంపైలరే పాడైందనుకుంటారు. ఆ మెసేజ్ చెప్పేది ఒక చిన్న ప్రోగ్రామ్ కంపైల్ చేసి చూస్తే కుదరలేదని, అంతే. ఎందుకు కుదరలేదు? అది కాన్ఫిగ్ డాట్ లాగ్ అనే ఫైల్‌లో ఉంటుంది. కంపైలర్ అన్న మాట ఉన్నదున్నట్టు అందులో రాసి పెడుతుంది. ఆ ఫైల్ తెరవకుండా సహాయం అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు. దయచేసి ముందు ఆ ఫైల్ తెరవండి.

ఇక రెండోది, నిజంగా నడిచిన కంపైలర్ ఏది? "నా దగ్గర జీసీసీ 13 ఉందండీ" అంటారు. జీసీసీ అంటే లైనక్స్‌లో మామూలుగా వాడే సీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్. ఉంది, సరే. బిల్డ్ వాడింది అదేనా? మెషీన్‌లో రెండు మూడు జీసీసీలు ఉండొచ్చు. యూఎస్ఆర్ బిన్‌లో ఒకటి, యూఎస్ఆర్ లోకల్ బిన్‌లో ఎప్పుడో పెట్టుకున్నది ఇంకొకటి, కాండా (ప్యాకేజీలు విడిగా పెట్టుకునే సాధనం) ఎన్విరాన్‌మెంట్‌లో మరొకటి. విచ్ హైఫన్ ఏ జీసీసీ అని కొడితే పాత్‌లో (కమాండ్ల కోసం సిస్టమ్ వెతికే ఫోల్డర్లలో) ఉన్నవన్నీ వరసగా చూపిస్తుంది. మ్యాక్‌లోనైతే జీసీసీ అని టైప్ చేసినా మామూలుగా నడిచేది క్లాంగ్ అనే వేరే కంపైలర్. డాష్ డాష్ వెర్షన్ ఇచ్చి చూడండి, ఆపిల్ క్లాంగ్ అని అదే చెబుతుంది.

సీమేక్ వాడేవాళ్లు ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. సీ కంపైలర్ ఏదో చెప్పే సీసీ, సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఏదో చెప్పే సీఎక్స్ఎక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌ని సీమేక్ ఆ బిల్డ్ ఫోల్డర్‌లో మొదటిసారి కాన్ఫిగర్ చేసేటప్పుడు మాత్రమే చూస్తుంది. చూసి, దొరికిన కంపైలర్ దారిని సీమేక్‌క్యాష్ డాట్ టీఎక్స్‌టీలో రాసేసుకుంటుంది. ఆ తర్వాత మీరు సీసీని జీసీసీ 12 అని మార్చి, మళ్లీ సీమేక్ నడిపినా అది పట్టించుకోదు. పాతదే వాడుతుంది. కంపైలర్ మార్చాను, అయినా అదే ఎర్రర్ వస్తోంది అని ఎవరైనా అంటే, నేను మొట్టమొదట అడిగేది బిల్డ్ ఫోల్డర్ తీసేశారా అని. మొత్తం తీసేసి, కొత్త ఫోల్డర్‌లో మొదలుపెట్టండి. ఆటోటూల్స్‌లో కూడా కంపైలర్ మారిస్తే మేక్ డిస్ట్‌క్లీన్ చేసి, కాన్ఫిగర్ మళ్లీ నడపాలి. లేకపోతే సగం ఆబ్జెక్ట్ ఫైళ్లు (ఒక్కో సోర్స్ ఫైల్ కంపైల్ అయ్యాక వచ్చేవి) పాత కంపైలర్‌వి, సగం కొత్తదానివి అవుతాయి. అలా కలిసిపోయిన బిల్డ్‌లో వచ్చే ఎర్రర్లకు తలా తోకా ఉండదు.

సరే, ఎర్రర్ దొరికింది, కంపైలర్ ఏదో తెలిసింది. ఇప్పుడు వయసు లెక్క.

కంపైలర్ పాతది, కోడ్ కొత్తది అయితే గుర్తుపట్టడం తేలిక. "అన్‌రికగ్నైజ్డ్ కమాండ్ లైన్ ఆప్షన్" అంటుంది, పక్కన ఎస్‌టీడీ ఈక్వల్స్ సీ ప్లస్ ప్లస్ 17 అనో 20 అనో ఉంటుంది. సెంటాస్ 7 అనే పాత లైనక్స్‌లో వచ్చే జీసీసీ 4.8.5కి సీ ప్లస్ ప్లస్ 17 అన్న పేరే తెలియదు. అక్కడ ఫ్లాగ్ తీసేస్తే ఏమవుతుంది? ఎర్రర్ మారుతుంది, సమస్య మారదు. కోడ్‌కి ఆ భాష కావాలి, ఈ కంపైలర్‌కి ఆ భాష రాదు. కొత్త కంపైలర్ తెచ్చుకోవడమే దారి.

అయితే పాత కంపైలర్ ఇంత స్పష్టంగా అన్నిసార్లూ చెప్పదు. 2013లో వచ్చిన జీసీసీ 4.8నే తీసుకోండి. అందులో సీ ప్లస్ ప్లస్ 11 రెజెక్స్ (టెక్స్ట్‌లో నమూనాలు వెతికే సదుపాయం) హెడర్, అంటే కోడ్‌లో ఇంక్లూడ్ చేసుకునే ఫైల్, ఉంది. ఇంక్లూడ్ చేస్తే ఎర్రర్ రాదు. కాన్ఫిగర్ స్క్రిప్ట్ హెడర్ ఉందా అని అడిగితే ఉందనే జవాబు వస్తుంది. కానీ లోపల చాలా భాగం రాసి లేదు! కొన్ని ఫంక్షన్లు లింక్ దగ్గర (ఆబ్జెక్ట్ ఫైళ్లన్నీ కలిపే దశలో) ఆగిపోయేవి, కొన్ని చక్కగా లింక్ అయి, ప్రోగ్రామ్ నడిచేటప్పుడు రెజెక్స్ ఎర్రర్ విసిరేవి. కోడ్ సరిగ్గానే ఉంది, కంపైల్ అయింది, అయినా నడవదు. 2014లో జీసీసీ 4.9 వచ్చాకే అది పూర్తిగా పనిచేసింది. ఇది ఎందుకు చెబుతున్నానంటే, "కంపైల్ అయిందంటే ఆ ఫీచర్ ఉన్నట్టే" అన్న నమ్మకం మంచిది కాదు. ప్రాజెక్ట్ డాక్యుమెంటేషన్‌లో కనీస కంపైలర్ వెర్షన్ రాసి ఉంటే దాన్ని సలహాగా చూడకండి, నియమంగా చూడండి.

ఇప్పుడు రెండో దిక్కు. కోడ్ పాతది, కంపైలర్ కొత్తది. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు, ఎందుకంటే కొత్త కంపైలర్ మంచిదే కదా, పాత కోడ్ దాని మీద ఎందుకు ఆగుతుంది అనిపిస్తుంది. ఎందుకు ఆగుతుంది? కొత్త వెర్షన్లు ఇంతకాలం చూసీ చూడనట్టు వదిలేసినవాటిని వదలడం మానేస్తాయి.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక హెడర్ ఫైల్ ఉంది. అందులో ఇంట్ డీబగ్ లెవెల్ సెమికోలన్ అని ఒక గ్లోబల్ వేరియబుల్. ముందు ఎక్స్‌టర్న్ లేదు. ఈ హెడర్‌ని మూడు సీ ఫైళ్లు ఇంక్లూడ్ చేసుకున్నాయి. అంటే ఆ వేరియబుల్ మూడుచోట్ల పుట్టింది. జీసీసీ 9 దాకా ఏం చేసేది? విలువ ఇవ్వని అలాంటి వేరియబుల్స్‌ని కామన్ అనే చోట పెట్టేది, లింకర్ ఆ మూడింటినీ కలిపి ఒకటి చేసేది. 2020లో వచ్చిన జీసీసీ 10లో డిఫాల్ట్ మారింది. హైఫన్ ఎఫ్ నో కామన్ డిఫాల్ట్ అయింది. మూడూ మూడు వేర్వేరు వేరియబుల్స్. లింకర్ "మల్టిపుల్ డెఫినిషన్ ఆఫ్ డీబగ్ లెవెల్" అంటుంది. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అప్పటిదాకా బిల్డ్ అయిన పాత సీ ప్రాజెక్టులు ఎన్నో ఈ ఒక్క మార్పు దగ్గర ఆగిపోయాయి.

మందు ఏమిటి? మీ సొంత కోడ్ అయితే హెడర్‌లో ఎక్స్‌టర్న్ పెట్టి, ఒకే ఒక్క సీ ఫైల్‌లో అసలు వేరియబుల్ రాయండి. రెండు లైన్ల పని. ఎవరో రాసిన పాత ప్యాకేజీ, ముట్టుకునే ఓపిక లేదంటారా? సీఫ్లాగ్స్‌లో (సీ కంపైలర్‌కి ఫ్లాగులు ఇచ్చే వేరియబుల్‌లో) హైఫన్ ఎఫ్ కామన్ ఇవ్వండి. ఇక్కడ ఆ ఫ్లాగ్ పెట్టడం తప్పేమీ కాదు. ఎందుకు పెడుతున్నామో తెలిసి పెడుతున్నాం.

జీసీసీ 13లో ఇంకోటి చూడండి. "యూఇంట్ 32 టీ డజ్ నాట్ నేమ్ ఎ టైప్." సీ ప్లస్ ప్లస్ కోడ్‌లో ఈ ఎర్రర్ చూస్తే చాలు, కారణం చాలావరకు చెప్పేయొచ్చు. అంతకుముందు స్ట్రింగ్ లాంటి హెడర్ ఏదో ఇంక్లూడ్ చేస్తే, అది లోపల ఆ టైప్ ఉండే సీఎస్‌టీడీఇంట్ హెడర్‌ని కూడా లాక్కొచ్చేది. 13లో ఆ లోపలి ఇంక్లూడ్‌లు కొన్ని తీసేశారు. కోడ్ రాసినవాళ్లు ఎప్పుడూ అడగని హెడర్, ఇన్నాళ్లూ అడగకుండానే వచ్చింది, ఇప్పుడు రావడం లేదు. ఫైల్ పైన ఇంక్లూడ్ సీఎస్‌టీడీఇంట్ అని రాస్తే అయిపోయింది. దీనికోసం కంపైలర్‌ని వెనక్కి దించేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఒక్క లైన్ కదా!

2024లో వచ్చిన జీసీసీ 14 మాత్రం పెద్ద మార్పు. సీ భాషలో ముందు చెప్పని ఫంక్షన్‌ని పిలిస్తే ఒకప్పుడు కంపైలర్ ఒక వార్నింగ్ ఇచ్చి, అది ఇంట్ ఇస్తుందని తనే అనుకుని ముందుకు పోయేది. 1999 సీ ప్రమాణంలోనే దీన్ని తీసేశారు. అయినా కంపైలర్లు పాత కోడ్ కోసం ఇరవై ఏళ్లకు పైగా ఒప్పుకుంటూ వచ్చాయి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దీన్ని ఎర్రర్ చేశాయి. ఎందుకింత పట్టుదల? ఆ ఫంక్షన్ నిజానికి పాయింటర్ ఇచ్చేదనుకోండి. 64 బిట్ మెషీన్‌లో పాయింటర్ 64 బిట్లు, ఇంట్ 32 బిట్లు. కంపైలర్ ఇంట్ అనుకుంది కాబట్టి పై సగం పోతుంది. చిన్న అడ్రస్ వచ్చినప్పుడు ప్రోగ్రామ్ నడుస్తుంది, పెద్ద అడ్రస్ వచ్చినరోజు క్రాష్ అవుతుంది. అంటే ఆ ఎర్రర్ మిమ్మల్ని ఒక నిజమైన బగ్ నుంచి కాపాడుతోంది. హైఫన్ ఎఫ్ పర్మిసివ్ పెడితే జీసీసీ 14లో అవి మళ్లీ వార్నింగులు అవుతాయి, బిల్డ్ అవుతుంది. నా అభిప్రాయం అడిగితే, ఈ ఒక్కచోట ఫ్లాగ్ పెట్టి వదిలేయకండి. సరైన హెడర్ చేర్చండి.

దీనికి ఇంకో కోణం ఉంది, ఇది చాలామందికి కనబడదు. కాన్ఫిగర్ స్క్రిప్టులు ఫీచర్లను ఎలా పరీక్షిస్తాయి? చిన్న చిన్న సీ ప్రోగ్రాములు రాసి, కంపైల్ అయితే "యెస్", అవకపోతే "నో". ఆ చిన్న ప్రోగ్రాములు కూడా పాతవే. కొన్నింటిలో హెడర్లు ఉండవు, కొన్నింటిలో మెయిన్ ముందు ఇంట్ కూడా ఉండదు. జీసీసీ 14లో అవి ఫెయిలవుతాయి. స్క్రిప్ట్ ఏమనుకుంటుంది? ఈ సిస్టమ్‌లో ఆ ఫీచర్ లేదనుకుంటుంది. ఎర్రర్ రాదు. బిల్డ్ పూర్తవుతుంది. కానీ ఆ ఫీచర్ లేకుండా పూర్తవుతుంది! ఫెడోరా లైనక్స్ వాళ్లు జీసీసీ 14 రాకముందే తమ ప్యాకేజీల్లో ఇలాంటివి వెతికి సరిచేసుకుంటూ వచ్చింది ఇందుకే. పాత ప్యాకేజీని కొత్త కంపైలర్‌తో బిల్డ్ చేస్తే, పాత మెషీన్ మీది కాన్ఫిగర్ అవుట్‌పుట్‌నీ కొత్తదాన్నీ డిఫ్ చేసి (లైను లైనుకీ పోల్చి) చూడండి. "యెస్" ఉన్నచోట "నో" వచ్చిందంటే అక్కడ ఆగండి.

2025లో జీసీసీ 15 వచ్చింది. ఇందులో సీకి డిఫాల్ట్ ప్రమాణం సీ 23 అయింది. బూల్, ట్రూ, ఫాల్స్ ఇప్పుడు కీవర్డ్‌లు. పాత కోడ్‌లో తమకు తామే టైప్‌డెఫ్ ఇంట్ బూల్ అని రాసుకున్నవాళ్లు ఎంతమందో! అవన్నీ ఆగుతాయి. ఖాళీ బ్రాకెట్లకు అర్థం కూడా మారింది. ఇంతకుముందు "ఆర్గ్యుమెంట్లు ఏవో చెప్పలేదు" అని అర్థం, ఇప్పుడు "ఆర్గ్యుమెంట్లు లేవు" అని. "టూ మెనీ ఆర్గ్యుమెంట్స్ టు ఫంక్షన్" అన్న ఎర్రర్ వస్తే ఇదే కావచ్చు. ఎస్‌టీడీ ఈక్వల్స్ జీఎన్‌యూ 17 ఇస్తే పాత అర్థాలు తిరిగి వస్తాయి. అసలు ప్రతి ప్రాజెక్టూ తనకు ఏ ప్రమాణం కావాలో మేక్‌ఫైల్‌లో రాసుకుంటే ఈ గొడవే ఉండదు. డిఫాల్ట్ మీద ఆధారపడితే, డిఫాల్ట్ మారిన రోజు మనమూ మారాలి.

ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలా అని అడుగుతారేమో. అక్కర్లేదు. జీసీసీ వాళ్లు ప్రతి పెద్ద వెర్షన్‌కీ "పోర్టింగ్ టు" అని ఒక పేజీ రాస్తారు. పాత కోడ్ ఎక్కడ ఆగుతుందో, ఎలా సరిచేయాలో ఉదాహరణలతో ఉంటుంది. కోడ్ ఏ కాలంలో రాశారో చూడండి. అప్పటి జీసీసీ ఏది, మీ దగ్గరున్నది ఏది? మధ్యలో ఉన్న వెర్షన్ల పోర్టింగ్ పేజీలు చదవండి. మీ ఎర్రర్ వాటిలో ఉండే అవకాశం చాలా ఎక్కువ.

వార్నింగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. హైఫన్ డబ్ల్యూ ఎర్రర్ (వార్నింగులను ఎర్రర్లు చేసే ఫ్లాగ్) పెట్టిన ప్రాజెక్టు కొత్త కంపైలర్ వచ్చిన ప్రతిసారీ ఆగుతుంది, ఎందుకంటే ప్రతి వెర్షన్‌లో కొత్త వార్నింగులు వస్తాయి. డెవలపర్ల మెషీన్‌లో అది ఉండటం మంచిదే. విడుదల చేసే సోర్స్‌లో అది డిఫాల్ట్‌గా ఉండకూడదు. బిల్డ్ చేసుకునేవాళ్లు నిస్సంకోచంగా హైఫన్ డబ్ల్యూ నో ఎర్రర్ ఇవ్వొచ్చు. కాకపోతే ఆ వార్నింగ్ ఏమిటో ఒకసారి చదవండి.

ఇక లింక్ దగ్గర, నడిచేటప్పుడు వచ్చేవి. కంపైల్ అంతా బాగానే అయింది, చివర్లో "అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్", పక్కన పొడుగాటి పేరు, అందులో సీఎక్స్ఎక్స్ 11 అన్న ముక్క. ఆ ముక్క కనబడిందా? అయితే విషయం తెలిసిపోయినట్టే. 2015లో జీసీసీ 5 స్ట్రింగ్‌నీ లిస్ట్‌నీ లోపల మార్చింది. పాతవీ కొత్తవీ కలిసిపోకుండా కొత్తవాటి పేర్లలో ఆ ముక్క చేర్చింది. మీ కోడ్ ఒక పద్ధతిలో, మీరు లింక్ చేస్తున్న లైబ్రరీ ఇంకో పద్ధతిలో కంపైల్ అయ్యాయి. పైటార్చ్ అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ పిప్ ప్యాకేజీలు లైనక్స్‌లో చాలా కాలం పాత పద్ధతిలోనే వచ్చాయి, అందుకే దానికి ఎక్స్‌టెన్షన్లు రాసేవాళ్లకు ఇది బాగా పరిచయం. దీనికి జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ యూజ్ సీఎక్స్ఎక్స్ 11 ఏబీఐ అని ఒక మాక్రో ఉంది, సున్నా ఇస్తే పాతది, ఒకటి ఇస్తే కొత్తది. రెండువైపులా ఒకటే ఉండాలి. లైబ్రరీ సోర్స్ మీ దగ్గరుంటే దాన్నీ అదే కంపైలర్‌తో బిల్డ్ చేయడం అన్నిటికన్నా మేలు.

నడిచేటప్పుడు "జీఎల్ఐబీసీఎక్స్ఎక్స్ 3.4.29 నాట్ ఫౌండ్" అని వస్తే? జీసీసీ 11తో వచ్చిన సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఆ వెర్షన్ గుర్తు మొదలైంది. అంటే బిల్డ్ చేసింది 11తోనో అంతకన్నా కొత్తదానితోనో, నడుపుతున్న చోట లైబ్రరీ అంతకన్నా పాతది. ప్రోగ్రామ్‌కి ఏ లైబ్రరీలు దొరుకుతున్నాయో చూపే ఎల్‌డీడీ కమాండ్‌తో ఏ లిబ్‌ఎస్‌టీడీసీ ప్లస్ ప్లస్ (ఆ లైబ్రరీ ఫైల్) దొరుకుతోందో చూడండి. చాలాసార్లు సిస్టమ్‌లో కొత్తది ఉన్నా, ఎల్‌డీ లైబ్రరీ పాత్ వల్ల వేరే ఫోల్డర్‌లోని పాతది ముందు దొరుకుతుంది. నిజంగానే ఆ మెషీన్ పాతదైతే, ఉన్నవాటిలో పాత మెషీన్ మీద బిల్డ్ చేసి మిగతావాటికి పంపండి. పాతదానిమీద కట్టింది కొత్తదానిమీద నడుస్తుంది, తిరగేస్తే నడవదు.

అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇంకోటి. బిల్డ్ అయింది, లింక్ అయింది, నడిపితే క్రాష్. పాత కంపైలర్‌తో క్రాష్ లేదు. వెంటనే కంపైలర్‌లో బగ్ ఉందంటారు. ఉండొచ్చు, కానీ అరుదు. జీసీసీ 6 ఏం చేసిందో చూడండి. సీ ప్లస్ ప్లస్‌లో దిస్ పాయింటర్ ఎప్పుడూ నల్ కాదని భాషే చెబుతుంది. దాన్ని నమ్మి, దిస్ నల్లా అని చూసే కోడ్‌ని తీసేసింది. ఆ చెక్ మీద ఆధారపడ్డ కోడ్ క్రాష్ అయింది. క్యూటీ 5, క్రోమియం లాంటి పెద్ద ప్రాజెక్టుల కోడ్ కూడా దీనివల్ల దెబ్బతినొచ్చని జీసీసీ విడుదల నోట్స్‌లోనే రాశారు. హైఫన్ ఎఫ్ నో డిలీట్ నల్ పాయింటర్ చెక్స్ ఇస్తే క్రాష్ ఆగిందా? అయితే కారణం దొరికింది, కోడ్ సరిచేయండి. ఆప్టిమైజేషన్ ఓ 2 నుంచి ఓ 0కి తగ్గించి చూడటం, హైఫన్ ఎఫ్ శానిటైజ్ ఈక్వల్స్ అన్‌డిఫైన్డ్ (భాష నియమాలు తప్పిన చోట్లను నడిచేటప్పుడు పట్టే ఫ్లాగ్) పెట్టి నడపడం, ఈ రెండూ చేయకుండా కంపైలర్ బగ్ అనవద్దు.

గ్రాఫిక్స్ కార్డు మీద ప్రోగ్రాములు నడిపే "కూడా" (CUDA)తో పనిచేసేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఎన్‌వీడియా వాళ్ల సాధనం గురించి అంటున్నాను. అక్కడ మీ జీసీసీ మరీ కొత్తదైతే "అన్‌సపోర్టెడ్ జీఎన్‌యూ వెర్షన్" అని హెడర్‌లోనే ఆపేస్తారు. ఆ చెక్ తీసేసే ఫ్లాగ్ ఉంది, కానీ ఆ దారి వద్దు. పాత జీసీసీ ఒకటి పక్కన పెట్టుకుని, హైఫన్ సీసీబిన్‌తో ఎన్‌వీసీసీకి (ఎన్‌వీడియా కంపైలర్‌కి) దాని దారి చూపించండి.

ఇక్కడ ఒకరు మంచి ప్రశ్న అడిగారు. సిస్టమ్ జీసీసీనే తీసేసి కొత్తది పెట్టేస్తే సరిపోదా అని. వద్దండి. కర్నల్ మాడ్యూల్స్, డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీలు ఆ సిస్టమ్ కంపైలర్‌తో కట్టినవి. దాన్ని అలాగే ఉంచి, పక్కన ఇంకోటి పెట్టుకోవాలి. డెబియన్‌లో, ఉబుంటులో జీసీసీ 12, జీసీసీ 13 వేర్వేరు పేర్లతో పక్కపక్కనే ఉంటాయి. రెడ్‌హ్యాట్‌లో జీసీసీ టూల్‌సెట్ ఉంది, ఆ టెర్మినల్‌లో మాత్రమే కొత్త కంపైలర్ వస్తుంది, సిస్టమ్‌ది కదలదు. బిల్డ్‌కి సీసీ, సీఎక్స్ఎక్స్ రెండూ ఇవ్వండి. ఒకటి ఇచ్చి రెండోది మరిచిపోతే సీ ఫైళ్లు ఒక వెర్షన్‌తో, సీ ప్లస్ ప్లస్ ఫైళ్లు ఇంకో వెర్షన్‌తో కంపైల్ అవుతాయి. ఎల్‌టీఓ (లింక్ చేసేటప్పుడు జరిగే ఆప్టిమైజేషన్) ఆన్‌లో ఉంటే అక్కడే "బైట్‌కోడ్ స్ట్రీమ్" అంటూ లింకర్ వెర్షన్ తేడా చెప్పి ఆగిపోతుంది.

ఆయనే ఇంకోటి అడిగారు, కావలసిన జీసీసీ ప్యాకేజీగా దొరక్కపోతే ఎలా అని. సోర్స్ నుంచి కట్టుకోవచ్చు. కాంట్రిబ్ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్ ప్రీరిక్విజిట్స్ అనే స్క్రిప్ట్ నడిపితే జీసీసీకి కావలసిన జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ లైబ్రరీలను దించి పెడుతుంది. సోర్స్ ఫోల్డర్‌లో కాకుండా వేరే ఫోల్డర్‌లో బిల్డ్ చేయండి, ప్రిఫిక్స్‌గా (ఇన్‌స్టాల్ అయ్యే చోటుగా) యూఎస్ఆర్ ఇవ్వకుండా మీ సొంత దారి ఇవ్వండి. పాత జీసీసీని కొత్త సిస్టమ్ మీద కట్టేటప్పుడు మాత్రం, ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఆ జీసీసీ సోర్స్‌కీ వర్తిస్తుంది, అదీ పాత కోడే కదా. ఉదాహరణకు 2018లో వచ్చిన జీలిబ్‌సీ (లైనక్స్‌లోని సీ లైబ్రరీ) 2.28లో యూస్టాట్ హెడర్ తీసేశారు. పాత జీసీసీల్లోని శానిటైజర్ లైబ్రరీ ఆ హెడర్‌ని అడుగుతుంది, దొరక్క ఆగుతుంది. శానిటైజర్ మీకు అక్కర్లేకపోతే కాన్ఫిగర్‌కి డిసేబుల్ లిబ్‌శానిటైజర్ ఇవ్వండి, ముందుకు సాగుతుంది.